వేయించిన మిరపకాయల వాసన

నా కారుకు పెడళ్ళు రెండే. నాకు పనిచేసే కాలు ఒకటే. మేమిద్దరం ఒకరికొకరం సరిగ్గా సరిపోయాం కాబట్టే, కొనేముందు దాన్ని చూసి పెదవి విరిచిన వాళ్ళెవరి మాటా నేను వినలేదు. పాత బండి అన్నారు. ఆటోమేటిక్ బండ్లు అడవి రోడ్లకు పనికిరావన్నారు. మా చిన్నాన్న అయితే, "గేర్లు మార్చే పనే లేకపోతే అది కారెట్లైతది, పిల్లలాడుకునే బొమ్మ గదా" అన్నాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమకాలు సన్నబడిపోయింది. క్లచ్ తొక్కమంటే అది తొక్కదు. ఆ సంగతి సొంత మనుషులకు కూడా గుర్తు చేయాల్సి వచ్చినందుకు నాకు భలే కోపం వచ్చింది. మామూలుగానే నాకు ముక్కు మీద కోపం.

మాది ఖమ్మం. ఉద్యోగం మాత్రం దుమ్ముగూడెం మండలంలో, అడవి అంచున ఉన్న ఒక చిన్న సర్కారు బడిలో. భద్రాచలంలో కిరాయి ఇంట్లో ఉంటూ రోజూ వెళ్ళొస్తాను. కారు కొనకముందు మెయిన్ రోడ్డు మీద బస్సు దిగి, బడి దాకా ఉన్న నాలుగు కిలోమీటర్లూ ఏ బండి దొరికితే ఆ బండి ఎక్కేదాన్ని. పాల బండి ఎక్కాను, కట్టెల ట్రాక్టరు ఎక్కాను, ఒకసారి పెళ్ళికి పోతున్న ఆటోలో డప్పుల మధ్య కూర్చుని బడికి పోయాను. "పాపం, టీచరమ్మ" అంటూ జరిగి చోటిచ్చిన వాళ్ళందరూ మంచివాళ్ళే. ఆ "పాపం" ఒక్కటే నాకు గిట్టేది కాదు. కారు కొన్న మొదటి రోజు ఆ నాలుగు కిలోమీటర్లూ ఒక్కదాన్నే నడుపుకుంటూ పోయి, బడి ముందు ఆపి, దిగకుండా పది నిమిషాలు స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను. ఉద్యోగం వచ్చిన రోజు కూడా నాకు అంత సంతోషం కలగలేదు.

మూడేళ్ళు ఆ కారు నన్ను ఒక్కసారే ఏడిపించింది. అదీ దాని తప్పు కాదు. బడిలో కారు నిలిపే చోటు మధ్యాహ్న భోజనం బియ్యం పెట్టే గది పక్కనే. బియ్యం కోసం వచ్చిన ఎలుకలు నోరు మార్పుకు నా కారు వైర్లు కొరికాయి. తొమ్మిది రోజులు బండి షెడ్డులో, నేను ఇంట్లో. తిరిగి వచ్చాక మా బడి వంటమ్మ ముందు నిలబడి, ఖమ్మం మనిషినన్న గర్వమంతా చూపిస్తూ, "అక్కా, మా ఊళ్ళో ఎలుకలకు మిరపకాయే మందు. మిర్చి యార్డు చుట్టుపక్కల లారీలోళ్ళు అందరూ ఇంజిన్ కాడ మిరపకాయ మూట కడతరు. ఘాటుకు ఎలుక దగ్గరికి రాదు" అని చెప్పాను. తాలు మిరపకాయలు, అంటే రంగు పోయి ధర పలకని కాయలు, నాలుగేసి గుడ్డలో మూటగట్టి బానెట్ లోపల బ్యాటరీ పక్కన ఒకటి, ఇంకో మూల ఒకటి కట్టాను. వంటమ్మ ముక్కున వేలేసుకుని చూసింది. ఆ తర్వాత ఎలుకలు మళ్ళీ రాలేదు. అది గడిచి ఏడాది దాటింది.

ఈ చలికాలంలో కారు కొత్త జబ్బు మొదలుపెట్టింది. బడికి పోయే దారిలో ఇసుక లారీల వెనక నెమ్మదిగా పోతున్నప్పుడు ముందు బోర్డు మీద ఒక పసుపు లైటు వెలిగేది. ఆ లైటు ఇంజిన్‌ది కాదు, గేర్‌బాక్స్‌ది. లోపల నూనె మరీ వేడెక్కిందని దాని అర్థం. ఇంకో రెండు కిలోమీటర్లు పోతే కారు ఒకే గేరులో ఇరుక్కుపోయి, ఎంత తొక్కినా మూలుగుతూ నడిచేది. అరగంట ఆపితే ఏమీ ఎరగనట్టు బయలుదేరేది. చిత్రం ఏమిటంటే ఇంజిన్ వేడి చూపించే ముల్లు ఎప్పుడూ సరిగ్గా మధ్యలోనే ఉండేది. ఏసీ వేస్తే ఒకటే తుమ్ములు. మిర్చి కోతల కాలం, దారి పొడుగునా కళ్ళాల్లో కాయలు ఆరబోసి ఉంటాయి కాబట్టి ఆ తుమ్ములను నేను లెక్కలోకి తీసుకోలేదు.

భద్రాచలంలో చూపించాను. అక్కడి మెకానిక్ ఇంజిన్ నీళ్ళు మార్చాడు, నూనె పుల్ల తీసి చూసి నిండుగా ఉందన్నాడు, మూడోసారి పోయేసరికి చేతులెత్తేశాడు. "గేర్‌బాక్స్ లోపల కాలిపోయి ఉంటది మేడమ్. అమ్మేయండి" అన్నాడు. ఫిబ్రవరి వచ్చేసరికి వారంలో రెండు రోజులు బడికి ఆలస్యంగా పోతున్నాను. ఒక రోజు మొదటి గంట మొత్తం చెట్టు కింద బానెట్ ఎత్తి కూర్చున్నాను. పిల్లలు పాఠం లేక గోల చేస్తుంటే పెద్దసారు ఒక్కడే రెండు గదుల మధ్య పరుగులు పెట్టాడట.

ఇది పైఅధికారి దాకా పోయింది. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది, నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. ఆయన చాలా మెత్తగా మాట్లాడాడు. ఖమ్మం ఆఫీసులో ఒక కుర్చీ ఖాళీగా ఉందనీ, ఇంటి దగ్గరే కదా అనీ, మీ పరిస్థితికి అదే మేలు అనీ చెప్పి ఒక కాగితం చేతిలో పెట్టాడు. సమ్మతమా, కాదా, కాదంటే కారణం. సోమవారం సాయంత్రంలోగా ఇవ్వాలి. కారు లేకుండా ఆ బడికి పోలేను, మళ్ళీ ట్రాక్టర్ల మీద ఎక్కే వయసు కాదు, ఓపికా లేదు. ఆఫీసు కుర్చీలో కూర్చుని ఫైళ్ళు తిప్పడానికి నేను టీచర్ని కాలేదు. ఇరవై ఆరు మంది పిల్లలు నా చేతిలో అక్షరాలు దిద్దుతున్నారు. వాళ్ళను వదలడం నాకు ఇష్టం లేదు, అంతే. ఆ మాట కారణం గడిలో రాద్దామంటే, కారు బాగుపడకపోతే దానికి విలువేముంది?

రెండో శనివారం తెల్లారగానే ఖమ్మం బయలుదేరాను. ఆటోమేటిక్ గేర్‌బాక్సులు విప్పే మనిషి మిర్చి యార్డు దగ్గర ఒకడున్నాడని, చాలా ఏళ్ళు గల్ఫులో అదే పని చేసి వచ్చాడని మా చిన్నాన్నే కనుక్కుని చెప్పాడు. బొమ్మ అన్నవాడే ఇంత కనుక్కున్నందుకు మనసులో కొంచెం క్షమించాను. పాల్వంచ దాటాక ఒకసారి, కొత్తగూడెం దాటాక ఇంకోసారి లైటు వెలిగింది. ఆగాను, చల్లారనిచ్చాను, టీ తాగాను, మళ్ళీ కదిలాను. ఖమ్మం చేరేసరికి పది దాటింది, నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ షెడ్డు వాళ్ళ తాతల కాలంలో లారీ రేడియేటర్లకు మాట్లు వేసే దుకాణమట. ఇప్పుడు ఇతను కార్లు చూస్తున్నాడు. యాభై దాటిన మనిషి, ముఖాన నవ్వు, కళ్ళలో ఎప్పుడూ నీళ్ళు. ఎదురుగా యార్డులోకి పోయే మిర్చి లారీల వరస. ఆ గాలికి అక్కడ అందరి కళ్ళూ అంతే.

నేను చెప్పిందంతా చివరిదాకా విన్నాడు. మధ్యలో ఒక్క మాట కూడా అడ్డం రాలేదు. నేను చెబుతుంటే చివరిదాకా విన్న మెకానిక్ నాకు తగలడం అదే మొదలు.

"ఇంజిన్ ముల్లు నడిమిట్లనే ఉంటున్నది. గేర్‌బాక్స్ ఒక్కటే కాగుతున్నది. అంతే గద మేడమ్?" అన్నాడు.

"అంతే భాయ్. నూనె నిండుగనే ఉందట."

"ఎట్ల చూసిండు? పొద్దుగాల, ఇంజిన్ బంద్ చేసి?"

"అవ్."

అతను నవ్వాడు. "ట్రాక్టర్‌కు చూసినట్టు చూసిండు. గిది వేడి మీద, ఇంజిన్ నడుస్తుండగ, గేరు పుల్ల అన్నిట్ల తిప్పి చూడాలె. బంద్ చేస్తే లోపలి నూనె అంత కిందికి దిగి, తక్కువున్నా నిండుగ కనిపిస్తది."

అలాగే చూశాడు. నూనె కొంచెం తగ్గింది, కానీ ఇంతగా వేడెక్కేటంత కాదన్నాడు. ఒక తెల్ల కాగితం మీద రెండు చుక్కలు వేసి ఎండలో పట్టాడు. కొత్త నూనె కుంకుడు రసంలా ఉండదు, ఎర్రగా శరబత్తులా ఉంటుందట. నాది ఎర్రదనం పోయి గోధుమ రంగులోకి దిగింది. అయినా నల్లబడలేదు. వేళ్ళ మధ్య రుద్దితే ఇనుప రజను తగల్లేదు. ఇక మిగిలింది వాసన. కాలిన వాసన వస్తే లోపలి ప్లేట్లు కాలిపోయినట్టు. అప్పుడు గేర్‌బాక్స్ మొత్తం దించాలి, ఈ పాత బండికి ఆ సామాను దొరకడం కష్టం.

"దొరకకపోతే?"

"బండి ఇడిసిపెట్టుడే మేడమ్" అన్నాడు మెల్లగా.

"మరి వాసన చూడు భాయ్" అన్నాను.

అతను తల గోక్కున్నాడు. "గదే కష్టం. యార్డు ముందల ఇన్నేండ్లు కూసున్న. నా ముక్కు ఎప్పుడో పోయింది. బిర్యానీ ముందల పెట్టినా నాకు తెల్వది. ఆగుండ్రి, మా భాయిజాన్ వస్తడు, ఆయన చూస్తడు."

"ఆయన కూడా మెకానికేనా?"

"కాదు. అత్తరు అమ్ముతడు."

నేను కోపం తెచ్చుకోవాలా, నవ్వాలా అని ఒక క్షణం ఆలోచించాను. నా ఉద్యోగం, నా కారు, నా సోమవారం కాగితం అన్నీ ఒక అత్తరు సాయిబు ముక్కు మీద ఆధారపడి ఉన్నాయన్న మాట. మెకానిక్ మాత్రం ఇందులో వింత ఏముందన్నట్టు ఫోన్ చేశాడు. తన దగ్గరికి వచ్చే ప్రతి ఆటోమేటిక్ బండి నూనె అన్నగారే వాసన చూస్తాడట, ఇప్పటిదాకా ఒక్కసారి కూడా తప్పలేదట. ఆయన నమాజు చేసుకుని వచ్చేలోగా ఇతను కారు కిందికి దూరాడు.

గేర్‌బాక్స్ నుంచి రెండు గొట్టాలు కారు ముందు భాగానికి పోతాయి. వేడి నూనె ఒకదాంట్లో పోయి, ముందు కింది భాగాన ఉన్న చిన్న జల్లెడ లాంటి రేకులో గాలికి చల్లారి, రెండోదాంట్లో వెనక్కి వస్తుంది. అతను ఒక్కో గొట్టం మీద వేలు ఆనించి చూశాడు.

"పోయేదీ కాలుతున్నది, వచ్చేదీ కాలుతున్నది. చల్లారుతలేదు మేడమ్. రేకు లోపల జామ్ అయిందేమో" అని రేకు విప్పడానికి సామాను సర్దుకోసాగాడు.

అప్పుడు వచ్చాడు పెద్దాయన. తెల్లని లాల్చీ, తెల్లని గడ్డం, చెవిలో దూది. ఆయనతో పాటు గులాబీల వాసన కూడా షెడ్డులోకి వచ్చింది. నాకు సలాం చెప్పి, స్టూలు తుడిపించుకుని కూర్చున్నాడు. జేబులోంచి పుల్లకు చుట్టిన దూది తీసి నా గేర్‌బాక్స్ నూనెలో ముంచాడు. కళ్ళు మూసుకున్నాడు. ఒకసారి వాసన చూశాడు. ముక్కులో ఆ వాసన పోవడానికి మోచేతి మడతలో ముక్కు పెట్టుకున్నాడు. కొత్త నూనె డబ్బా తెప్పించి దాన్నీ చూశాడు. మళ్ళీ నా నూనె.

"జల్దీ చెప్పు భాయిజాన్, మేడమ్‌కు పరేషాన్ అయితున్నది" అన్నాడు తమ్ముడు.

"నీ చేతిల పానాకు జల్దీ కావాలె, నా ముక్కుకు కాదు" అన్నాడు పెద్దాయన కళ్ళు తెరవకుండానే. ఆ తర్వాత దూది పక్కన పెట్టి నావైపు తిరిగి, "కాలలేదు టీచరమ్మా. కమురు వాసన లేదు. కాగి కాగి అలిసిపోయింది, అంతే. మంచిగున్నది మీ బండి" అన్నాడు.

ఆయన కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. ఆయనకు అది నచ్చదని తెలుసు కాబట్టి, "దేవుడు మిమ్మల్ని చల్లగ చూడాలె" అన్నాను. మా అమ్మ చర్చిలో అనే మాట అది, నా నోట ఎప్పుడూ వచ్చేది కాదు.

ఆయన లేవబోతూ ఆగాడు. ముక్కు గాల్లోకి ఎత్తాడు. "ఇక్కడ మిరపకాయలు ఎవరు వేయిస్తున్నరు?" అన్నాడు.

తమ్ముడూ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకుని పకపకా నవ్వాం. ఖమ్మం మిర్చి యార్డు ముందు కూర్చుని మిరపకాయలు ఎవరివని అడిగే మనిషిని నేను అప్పుడే చూడటం. ఆయన నవ్వలేదు.

"యార్డు మిర్చి పచ్చి ఘాటు. గొంతుల కొడ్తది. ఇది వేయించిన మిర్చి. మూకుట్ల గింజలు మాడినప్పటి వాసన. గీడనే ఉన్నది" అంటూ కారు చుట్టూ నడిచాడు. వెనక నుంచి మొదలుపెట్టి, డ్రైవర్ తలుపు దాటి, ముందు చక్రం దగ్గర ఒకసారి ఆగి, చివరికి నంబర్ ప్లేటు ముందు వంగి, గట్టిగా ఒక తుమ్ము తుమ్మాడు. "గిది" అన్నాడు వేలు చూపించి.

నాకు చలికాలం నుంచి వస్తున్న తుమ్ములన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

తమ్ముడు ముందు బంపర్ ఊడదీశాడు. లోపల, ఆ నూనె చల్లార్చే రేకు ముందు, చిన్న చిన్న గుడ్డ మూటలు ఒకదాని మీద ఒకటి కుక్కి ఉన్నాయి. అడుగున ఉన్నవి మాడి నల్లబడ్డాయి. కొన్ని చిరిగి, గింజలూ తొక్కలూ రేకు సందుల్లో అతుక్కుపోయాయి. పెద్ద రేడియేటర్ పైన ఉంది కాబట్టి ఇంజిన్‌కు గాలి బాగానే తగిలింది. కింద ఉన్న గేర్‌బాక్స్ రేకుకు మాత్రం దారే లేదు. మెకానిక్ ఒక్కో మూట తీసి నేల మీద వరసగా పెట్టాడు. పదకొండు.

"మేడమ్," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుకో ఘాటుకో తెలియదు, "గేర్‌బాక్స్‌కు తాలింపు పెట్టిండ్రు గదా."

"నేను రెండే పెట్టిన భాయ్!" అన్నాను. గొంతు నాకే గట్టిగా వినిపించింది. "అవి కూడా పైన, బ్యాటరీ పక్కన. అగో, ఇంకా అక్కడనే ఉన్నయ్. ఇవి నావి కావు."

ఎవడో కావాలని చేశాడని నా మొదటి అనుమానం. ఎవడో, ఎందుకో, పేరుపేరునా ఆలోచించడం కూడా మొదలుపెట్టాను. ఒక మూట చేతిలోకి తీసుకున్నాను. గుడ్డ మా బడి పిల్లల యూనిఫాం గళ్ళ గుడ్డ, కత్తిరింపుల్లో మిగిలే ముక్క. మూతి పురికొసతో కుట్టి ఉంది. చివర పట్టుకుని లాగాను. కుట్టు మొత్తం ఒక్క లాగుతో సర్రున ఊడొచ్చింది. బియ్యం బస్తా మూతి మళ్ళీ కుట్టేటప్పుడు అలా కుట్టే మనిషి నాకు తెలిసి ఒక్కతే. రోజూ మధ్యాహ్నం ఆ చెయ్యే నాకు కూడా అన్నం పెడుతుంది.

రేకును వెనక వైపు నుంచి సన్నని నీళ్ళ ధారతో కడిగారు. గట్టిగా కొడితే సన్నని రేకులు వంగిపోతాయట. వంగినవి సూదితో ఒక్కొక్కటే నిలబెట్టాడు. ఆ పనికి రెండు గంటలు పట్టింది, నేనూ ఒక సూది తీసుకుని కింది వరస సరిచేశాను. పాత నూనె దించి కొత్తది పోసి, కాసేపు నడిపి, మళ్ళీ దించి మళ్ళీ పోశాడు. ఆ తర్వాత, "కుసుమంచి దాక పోయొద్దాం. మీరే నడపండ్రి" అన్నాడు.

"నేనూ వస్త" అన్నాడు పెద్దాయన. దుకాణం ఎవరు చూస్తారని తమ్ముడు అడిగితే, "నా ముక్కు పట్టిన దొంగ ఇది. ఎట్ల పోతదో చూడొద్దా?" అని వెనక సీట్లో కూర్చున్నాడు.

మెకానిక్ ఒళ్ళో చిన్న యంత్రం, దాంట్లో గేర్‌బాక్స్ వేడి అంకెల్లో కనపడుతోంది. పొద్దున షెడ్డులో ఇంజిన్ నడిపి చూసినప్పుడు అది నూట ముప్పై దాకా పోయింది. ఏసీ వేయమన్నాడు. వేశాను. ఎవరికీ తుమ్ము రాలేదు. కుసుమంచిలో పాత గుడి దగ్గర కారు తిప్పుకున్నప్పుడు తొంభై రెండు. తిరుగు దారిలో నేను రోడ్డు కంటే ఆ యంత్రం వైపే ఎక్కువ చూస్తుంటే పెద్దాయన వెనక నుంచి, "టీచరమ్మా, అంకెలు తమ్ముడు చూస్తడు, లారీలు మీరు చూడుండ్రి" అని మందలించాడు. అసలు పరీక్ష యార్డు ముందే. మిర్చి లారీల మధ్య ఇరవై నిమిషాలు అడుగడుగునా ఆగుతూ పాకాం. తొంభై ఐదు, తొంభై ఎనిమిది, వంద. వంద దగ్గర ఆగింది. అక్కడే ఉంది. లారీలు కదిలి కొంచెం గాలి తగలగానే తొంభై ఆరుకు దిగింది.

"ఐపోయింది మేడమ్" అన్నాడు మెకానిక్. నేను గట్టిగా హారన్ కొట్టాను, ముందున్న లారీ డ్రైవర్ తల బయట పెట్టి తిట్టాడు. ఆ తిట్టు కూడా నాకు తియ్యగానే వినిపించింది.

సోమవారం పొద్దున బడికి ఒక్కసారి కూడా ఆగకుండా పోయాను. కారు బియ్యం గది పక్కన పెట్టలేదు, దూరంగా బోరింగు దగ్గర పెట్టాను. వంటమ్మ వంటగది గుమ్మంలోంచి చూసి ముఖం చిట్లించింది. ఆమె నాకంటే పెద్దది. పిల్లలతో కోయ మాట్లాడుతుంది, నాతో తెలుగు. తరగతిలో కూర్చుని కిటికీలోంచి ఒక కన్ను వేసి ఉంచాను. ఇంటర్వెల్‌కు ముందు ఆమె అటూ ఇటూ చూసుకుంటూ వచ్చి, కారు ముందు గొంతుక్కూర్చుంది. ఒక చేతిలో అన్నం కలిపే తెడ్డు, రెండో చేతిలో గళ్ళ గుడ్డ మూట. బంపర్‌కు కింద పట్టీ విరిగిన చోటు ఒకటుంది. అక్కడ మూట పెట్టి తెడ్డు పిడితో లోపలికి నెట్టబోయింది.

నేను ఊతకర్ర చప్పుడు కాకుండా పోయి వెనక నిలబడ్డాను. "ఏంది అక్కా, కారుకు అన్నం పెడుతున్నవా?"

ఆమె ఉలిక్కిపడి మూట కొంగులో దాచుకుంది. "ఏం లేదు టీచరమ్మా."

"పన్నెండోదా అది?"

దొరికిపోయిందని అర్థమై నవ్వింది. "నెలకొకటి పెడుతున్న. పాతదాంట్ల ఘాటు పోతది గదా, గందుకే కొత్తది. సెలవులల్ల పెట్టలె, కారు రాలేదు గదా."

"నాకు చెప్పొచ్చు గదా?"

"చెప్తే వద్దంటరు. మీకు కోపమెక్కువ."

"గన్ని మూటలెందుకు అక్కా?"

ఆమె తెడ్డు నేల మీద ఆనించి లేచి నిలబడింది. "ఎలుకలు వైర్లు కొరికినప్పుడు తొమ్మిది దినాలు మీరు రాలె. పిల్లలు రోజూ మెయిన్ రోడ్డు దాక పోయి చూసొచ్చేటోళ్ళు. అన్నం మిగిలిపోయేది. మళ్ళ గట్ల కావద్దని పెట్టిన. ఎలుక రాకపోతే కారు ఆగదు, కారు ఆగకపోతే మీరు ఆగరు."

దారి పొడుగునా నేను సిద్ధం చేసుకున్న తిట్లన్నీ ఎటు పోయాయో తెలియదు. ఆమెకు జరిగింది చెప్పాను. రేకు, గాలి, అత్తరు సాయిబు ముక్కు, పై సంవత్సరం నుంచి నేను ఖమ్మం ఆఫీసులో కూర్చోవాల్సి వచ్చేదన్న సంగతి, అన్నీ. మొదట ముక్కు సంగతికి పగలబడి నవ్వింది. చివరి మాట విన్నాక నవ్వు ఆగిపోయింది.

"అంటే, నా మూటలతోనే మీరు పోతుండ్రి?" అంది.

ఆ ముఖం చూడలేకపోయాను. "నువ్వు కాదక్కా. మిరపకాయ మందు అని నీ ముందు గొప్పలు కొట్టింది నేను. పెట్టే చోటు చూపించనిది నేను. తప్పు నాది" అన్నాను. జీవితంలో తప్పు నాది అని ఇంత తేలిగ్గా నేను ఎప్పుడూ ఒప్పుకోలేదు. పదకొండు మూటలు అంటే పదకొండు నెలలు. ప్రతి నెలా నేను ఇక్కడ ఉండాలని ఒక మనిషి కూర్చుని సూదితో కుట్టిందన్న మాట. నన్ను చూసి పాపం అన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను రాకపోతే ఎట్లా అని భయపడ్డ మనిషి ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

మధ్యాహ్నం వంటగది గట్టు మీద కూర్చుని ఆ కాగితం తీశాను. సమ్మతం కాదు అని రాశాను. కారణం గడి దగ్గర కలం ఆగింది. ఆమె పప్పు దించుతూ వంగి చూసింది, చదవడం రాకపోయినా.

"నా పేరు గిట్ల రాయకుండ్రి టీచరమ్మా, అధికారులు నన్ను తిడ్తరు."

"పేరు రాయను గని, నీ సంగతే రాస్త" అన్నాను. రాశాను. మంచి గుండ్రటి అక్షరాలతో, పిల్లలకు రాసి చూపించినట్టు.

"ఏం రాసిండ్రు?"

చదివి వినిపించాను. "మా బడి వంటమ్మ పంపనంటోంది."

ఆమె చేతిలోని తెడ్డు పక్కన పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని, మళ్ళీ ఒకసారి చదవమంది.